సీసా అడుగు మందు

సౌభాగ్య కళ్ళంలోకి అడుగుపెట్టినా కరియ లేచి రాలేదు. రోజూ ఆమె కాలువ గట్టు మీద ఉండగానే సద్దు పట్టి, నడుమంతా ఊపుకుంటూ ఎదురొచ్చే కుక్క అది. ఆ మధ్యాహ్నం ట్రాలీ కింద నీడలో పక్కకు ఒరిగి పడి ఉంది. నోట్లోంచి సొంగ తీగలు సాగి నల్లమట్టిలో మడుగు కట్టింది. తొడల మీది కండ దానంతట అదే ఎగిరెగిరి పడుతూ ఉంది.

"కరియా!"

చెవి కదిలింది. లేవబోయింది. వెనక కాళ్ళు దాని మాట వినలేదు. కూలబడి వాంతి చేసుకుంది.

సౌభాగ్య చేతిలోని డబ్బా జారి కింద పడింది.

ఆమె ఒంటి మనిషి. మొగుడు కూరెకుప్ప దిక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికని పోయి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. కౌలుకు తీసుకున్న మిరప తోట ఆమెదే, కష్టం ఆమెదే. కోసిన కాయ ఎండి మూటలకెక్కేదాకా కళ్ళంలోని రేకుల షెడ్డే ఇల్లు. చుట్టూ చేలు. తాగొచ్చి ఆ రేకు తట్టినవాళ్ళు ఊళ్ళో పెద్దమనుషులుగానే తిరుగుతున్నారు. రెండోసారి తట్టకుండా వాళ్ళను తరిమింది పోలీసులు కాదు, పంచాయితీ కాదు, కులపెద్దలు అసలే కాదు. కరియ. కరియ పోతే ఆ షెడ్డులో ఆమెకు ఒక్క రాత్రి కూడా కునుకు పట్టదు.

ఆమె కేకకు పక్క కళ్ళం నుంచి హులిగెప్ప పరుగెత్తుకొచ్చాడు. అరవై దాటిన రైతు, ఆమెకు వరసకు మామ. చేతిలో కట్టె.

"ముట్టుకోవద్దు పాపా! ఎనక్కి రా!"

"ఏమైందో సూడు మామా. పొద్దున నేను కోతకు పోయేటప్పుడు బాగుండె."

"సొంగ సూస్తాండావా? కాళ్ళు కొట్టుకుంటాండాది. హుచ్చు పట్టింది దీనికి. హుచ్చు నాయికి ఇట్లే అయితాది."

పిచ్చికుక్క అన్న మాట ఒక్కటి చాలు. చేలల్లో కోత కోస్తున్నవాళ్ళు బుట్టలు వదిలి వచ్చారు. అందరికంటే ముందు శివు, చేతిలో ఇనుప గడారి. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. దసరా ముందు పక్క ఊళ్ళో పిచ్చికుక్క కరిచిన పిల్లవాడు నీళ్ళ చెంబు చూసి వణికి వణికి చచ్చిపోయాడు. వాడు శివు అక్క కొడుకు.

"పక్కకు రాక్కా," అన్నాడు శివు. "ఒక్క దెబ్బ. దానికీ బాధ ఉండదు."

"అడుగు ముందరికేసినావంటే నీ కాళ్ళిరుగుతాయి."

"రేపు నిన్ను కరిస్తే? మా పిల్లోల్లను కరిస్తే? దీనికి సూది ఏపిచ్చినావా నువ్వు?"

వేయించలేదు. వేయించాలని పశువుల ఆసుపత్రికి పోయి, పోయి, కాళ్ళు అరిగాయి. తలుపుకు తాళం. గోడ మీద మాత్రం డాక్టరు పేరు, పని వేళలు, ఫోను నంబరు, అన్నీ నీలం పెయింటుతో ముద్దుగా రాసి ఉన్నాయి. డాక్టరు నాలుగూళ్ళకు ఒక్కడు. సర్కారు గోడకు జీతమిస్తున్నట్టుంది. కడుపు మండి ఆ గోడను ఫోనులో ఫోటో తీసుకొచ్చింది, ఎవరికైనా చూపించి నిలదీయాలని. ఎవరికి చూపించాలో తెలియక అట్లే పెట్టుకుంది.

"ఏపిచ్చలే," అంది సౌభాగ్య. హుచ్చు కాదని ఒట్టు వేసి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

హులిగెప్ప పెళ్ళాం నాగక్క చెంబుతో మజ్జిగ తెచ్చింది. "విషమేమన్నా తినిందేమో మే. మజ్జిగ పొయ్యి. ఇరిగిపోతాది."

సౌభాగ్య చెంగు చేతికి చుట్టుకొని, కరియ దవడ పక్కనుంచి మజ్జిగ పోసింది. అది గుటక వేయలేకపోయింది. మజ్జిగ గొంతుకు అడ్డం పడి దగ్గింది, ఊపిరాడక మెడ చాచింది, నాలుక నీలంగా తిరిగింది.

"సూడండప్పా! నీళ్ళు దిగలే! మింగలేకుండా ఉండాది!" శివు గడారి ఎత్తాడు. "మా పిల్లోనికీ ఇట్లే అయింది. హుచ్చే ఇది. లెయ్యక్కా, నీకు దండం పెడతా, లెయ్."

గుంపు ఇంకో అడుగు ముందుకు జరిగింది.

సౌభాగ్య కుక్క మీదికి వంగి అడ్డంగా కూర్చుంది. ఊపిరాడుతుందేమోనని కరియ తల కిందికి వాల్చబోయి, మెడ దగ్గరికి ముఖం పెట్టింది. అప్పుడు తగిలింది వాసన.

కుళ్ళిన వెల్లుల్లి వాసన. మిరపకు తామర పురుగు మందు కొట్టిన రోజు చేలో వచ్చే వాసన. కుక్క మెడ మీద బొచ్చు జిడ్డుగా అంటుకొని ఉంది.

చటుక్కున కనురెప్ప ఎత్తి చూసింది. ట్రాలీ కింద అంత నీడలోనూ కంటిపాప ఆవగింజంత ఉంది.

పోయినేడు తమ్ముడు మౌనేశ్ ఇట్లే పడ్డాడు, చేలోనే, మందు ట్యాంకు వీపు మీద ఉండగానే. నోట్లో నురగ, కళ్ళల్లో నీళ్ళు, ఒళ్ళంతా వణుకు. కళ్ళు ఇట్లే గింజలైపోయాయి. పిచ్చి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. మంచం మీద వేసుకొని ఆసుపత్రికి మోసింది ఇప్పుడు కట్టెలు పట్టుకొని నిలబడ్డ ఈ మనుషులే.

ఆమె తలెత్తింది. "హుచ్చు కాదు ఇది. మందు. మౌనేశ్‌కు పట్టిందే దీనికీ పట్టింది. ఎవురు పూసినారు దీని మెడకు?"

ఆమె ఒక్కొక్కరి ముఖంలోకి చూసింది.

"అడుగుతాండేది మిమ్మల్నే! ఎవురు పూసినారు?"

హులిగెప్ప చేతిలో కట్టె కిందికి వాలింది.

"నేనే పాపా. పొద్దున మా కళ్ళానికొచ్చి చెవులు గీరుకుంటాండె. సూస్తే పిడుదులు, రక్తం తాగి ఆముదం గింజలంత అయిండాయి. సీసా అడుగున ఇంత మందు మిగిలిండె. గుడ్డకు తడిపి చెవులకూ మెడకూ పూసినా. మా ఎద్దులకు పూసేదే కదా. ఎద్దులకు ఏమీ కాలే."

సీసా అడుగు మందును ఆ చేలల్లో ఎవరూ పారబోయరు. డబ్బు పోసి కొన్న మందు, ఎట్లా పారబోస్తారు? ట్యాంకుకు చాలనిది ఎద్దు మెడకు పోతుంది, నల్లులు పట్టిన మంచం కోళ్ళకు పోతుంది, పేలు పట్టిన పిల్లల తలకు పోతుంది. పురుగు పురుగే కదా అనుకుంటారు. సీసా మీద ఎర్ర గుర్తు ఉంటుంది, కింద చీమ తలకాయంత అక్షరాలుంటాయి. అంగడివాడు ట్యాంకుకు ఎన్ని మూతలో చెప్తాడు. ఒంటికి తగిలితే ఏం చేయాలో చెప్పడు. అడిగితే నవ్వుతాడు. ఎద్దు పెద్దది, ఒళ్ళు నాక్కుంటే ఎంతో కొంత తట్టుకుంటుంది. కుక్కెంత, దాని ఒళ్ళెంత? పైగా మెడ మీద దురద అని కాలితో గోకి, ఆ కాలిని నాకుతుంది.

"మందే అయిండొచ్చు," అన్నాడు శివు. గడారి దించలేదు. "హుచ్చు గూడా అయిండొచ్చు. కాదని నువ్వు రాసిస్తావా?"

ఎవరు రాసివ్వగలరు? ఆమె ఫోను తీసి గోడ ఫోటో వెతికింది. నీలం పెయింటు నంబరుకు కొట్టింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ కొట్టింది. మూడోసారికి ఎత్తాడు డాక్టరు రుద్రేశ్.

"సార్, మా కుక్క సస్తాండాది. మిరపకు కొట్టే మందు పూసినారు దానికి. జనం హుచ్చని సంపనీకొచ్చినారు."

అవతల మనిషి ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. సొంగ ఎప్పటి నుంచి, నిన్న తిన్నదా, ఈ మధ్య ఇంకో కుక్క కరిచిందా, ఒంటి మీద గాయాలున్నాయా అని వరసగా అడిగాడు. నిన్న గిన్నె నాకేసిందని చెప్పింది. గాయాలు లేవంది. కంటిపాప గింజంత ఉందని చెప్పింది.

"వినమ్మా. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకో. సొంగ తగలనియ్యొద్దు. సబ్బుతో మెడంతా కడుగు, వాసన పొయ్యేదాకా, మళ్ళీ మళ్ళీ. నూనె వద్దు, కిరసనాయిలు వద్దు. మూతి కట్టొద్దు, ఊపిరే కష్టంగా ఉంటాది దానికి. నోట్లో ఏమీ పొయ్యొద్దు."

"పోసినాం సార్. మజ్జిగ."

"అయ్యో. ఇంక చుక్క పొయ్యొద్దు. తల కిందికి పెట్టండి. ఈ విషానికి సూది నా దగ్గరుంది, నేను బళ్ళారిలో ఉండా. జల్దీ తీసుకురండి. ఆ సీసా గూడా తేండి."

"హుచ్చు కాదు కదా సార్?"

"ఫోన్లో చూసి ఎట్లా చెప్పేదమ్మా? కడుగు ముందు."

ఎరువుల సంచిలోని కవరు చింపి చేతులకు కట్టుకుంది. డ్రమ్ములోని నీళ్ళు పోసి సబ్బు రుద్దింది. తెల్లటి నురగలో పిడుదులు చచ్చి ఊడివచ్చాయి. కుక్క కాళ్ళు బిర్రబిగిసి కొట్టుకున్నాయి, పళ్ళు టకటకలాడాయి, ఆమె మణికట్టుకు వెంట్రుకవాసి దూరంలో. ఇది హుచ్చే అయితే తన చావు తాను రుద్దుకుంటున్నట్టే. తెలుసు. రుద్దింది. సబ్బు అరిగిపోయింది. నాగక్క పరుగున పోయి ఇంకోటి తెచ్చి దూరం నుంచి విసిరింది.

హులిగెప్ప తానూ కవర్లు కట్టుకొని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నేను పూసిందే, నేనే కడుగుతా. నువ్వు నీళ్ళు పొయ్ పాపా."

వాసన తగ్గింది. వణుకు తగ్గలేదు. ఊపిరి గురగురమంటోంది.

బండి కావాలి. అక్కడున్నది శివు లగేజీ ఆటో ఒక్కటే.

"నా బండిలో ఎక్కియ్యను. మా యమ్మ నన్ను ఇంట్లోకి రానియ్యదు."

సౌభాగ్య లేచి వాడి ముందు నిలబడింది. మోచేతుల నుంచి సబ్బు నీళ్ళు కారుతున్నాయి. "గడారి బండిలో పెట్టు శివూ. దారిలో అది కరవనీకొస్తే నాకియ్యి. నా కుక్కను నేనే కొడతా. నువ్వు కొట్టే పనే లేదు. బండి నడుపు చాలు."

శివు ఆమెను చూశాడు, కుక్కను చూశాడు. ఉమ్మేసి, పోయి బండి స్టార్ట్ చేశాడు.

వెనక గోతాం మీద కరియ, దాని తల పక్కన సౌభాగ్య, కాళ్ళ దగ్గర సీసా పట్టుకొని హులిగెప్ప. గతుకు గతుకుకు గడారి ఖణేల్‌మని మోగుతోంది. కరియ పక్కటెముకలు లేస్తే ఆమె ఊపిరి పీల్చింది. లేవకపోతే ఆమెదీ ఆగింది.

"పాపా," అన్నాడు హులిగెప్ప రోడ్డు వైపు చూస్తూ. "పోయిన నెల మా మనవరాలి తలకు గూడా ఇదే పెట్టిండిమి. పేన్లని. ఆ పొద్దంతా వాంతులు చేసుకునింది. సొంగ కారింది. ఎండదెబ్బ అనుకుంటిమి."

అతను సీసాను ఒంటికి దూరంగా, చెయ్యి చాచి పట్టుకున్నాడు. బళ్ళారిదాకా ఆ చెయ్యి దించలేదు.

బ్రూస్‌పేటలో మూటలు దించుతున్న లారీ సందుకు అడ్డంగా నిలిచి ఉంది. శివు హారన్ మీద చెయ్యి తీయలేదు. ఎవడూ కదలలేదు. చివరికి వాడే దిగి, "హుచ్చు నాయి ఉండాది బండిలో, తప్పుకోండ్రా!" అని అరిచాడు. సందు ఖాళీ అయింది.

రుద్రేశ్ గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. సీసా చూశాడు, కన్ను చూశాడు, సూది పొడిచాడు. ఆగాడు. గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. మళ్ళీ పొడిచాడు. చాలాసేపటికి సొంగ తీగ సన్నబడి తెగింది. నోరు ఆరింది. గురగుర తగ్గింది.

"సూదికి లొంగింది. మందే," అన్నాడు. "అయినా హుచ్చు సూది వేయించని కుక్క. పది దినాలు కట్టేసి పెట్టండి. పది దినాలు బతికితే హుచ్చు లేనట్టే. మీలో ఎవరికన్నా గీరుకుంటే, సొంగ తగిలింటే, ఇప్పుడే పోయి సూది వేయించుకోండి."

"బతుకుతాదా సార్?"

"విషం మళ్ళీ తిరగబెట్టొచ్చు. ఊపిరితిత్తుల్లోకి మజ్జిగ పొయ్యింటే జ్వరం రావొచ్చు. రేపు చూసి చెప్తా."

"నా మనవరాలు సార్..." హులిగెప్ప నోరు తెరిచాడు.

"ఏమైంది?"

అతను అంతా చెప్పాడు. రుద్రేశ్ విని సీసాను కవరులో వేసి మూతి గట్టిగా కట్టాడు. "పిల్లల డాక్టరుకు చూపించండి. రేపే. ఎండదెబ్బ అని చెప్పొద్దు."

పొద్దు గూకేవేళకు కళ్ళానికి తిరిగొచ్చారు. దారిలో జనం నిలబడే ఉన్నారు. శివు తల్లి దూరం నుంచే శాపాలు పెట్టింది. కరియను ఎత్తి షెడ్డులో పడుకోబెట్టి, గొలుసుతో గుంజకు కట్టింది సౌభాగ్య.

శివు బండిలోంచి గడారి తెచ్చి గడప ముందు పెట్టాడు. "పది దినాలు. అంతవరకే నేను ఊరుకునేది. మా వాళ్ళు ఊరుకుంటారని నేను చెప్పలేను. ఇది నీ దగ్గరే ఉండనీ."

వాడు పోయాడు. సౌభాగ్య గడప మీద కూర్చొని గడారి ఒళ్ళో పెట్టుకుంది. చేతులు సబ్బుకు తెల్లగా నాని ఉన్నాయి. లోపల ఊపిరి వినిపిస్తోంది, ఆగి ఆగి. ఎండుమిరప ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. ఈ రాత్రి కావలి ఆమెదే.

షెడ్డు పక్క రేకు మీద ఎవరో తట్టారు.

ఆమె గడారి పట్టుకొని లేచింది. "ఎవుర్రా అది?"

"నేనే పాపా, హులిగెప్పను. సంగటి తెచ్చినా. నువ్వు తిను, నేను కూచుంటా."

లోపల కరియ మొరగబోయింది. గొంతు రాలేదు. చెవులు మాత్రం నిక్కాయి.