రేయో అభ్యంతరం

బుధవారం సాయంత్రం తిన్న పళ్లెం కడిగి బోర్లించి, రేయో సాల్మెలా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. చాలా ఏళ్లుగా అతని బుధవారాలు ఇలాగే గడుస్తున్నాయి. కెనడాలోని థండర్ బేలో నలుగురు మనుషులు ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఒకరి గొంతు ఒకరు వింటూ కలిసి ‘లాంతర్ల రేవు’ ఆడతారు. రేయో ఒకప్పుడు సరస్సు ఒడ్డున గోధుమల గిడ్డంగిలో తూకం వేసేవాడు. ఇప్పుడు ఏ పనీ లేదు. బుధవారం ఉంది.

పాత వీడియో గేమ్ అది. పొగమంచు కమ్మిన సరస్సు, దీవుల మీద దెయ్యాలు, ఆరిపోతున్న లాంతర్లు. మాట్లాడని ఒక ముసలి సరంగు, కూతుర్ని పడవలో వెంటబెట్టుకుని, మనల్ని దీవి నుంచి దీవికి చేరవేస్తాడు. చేరవేస్తాడంటే ఊరికే కాదు. తెడ్డు మనమే వెయ్యాలి. కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలు, కుడి బొటనవేలు, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. ఆపితే పడవ పక్కకు కొట్టుకుపోతుంది. ఆ దాటడం చాలాసేపు పడుతుంది. దారిలో దెయ్యమూ రాదు, నిధీ దొరకదు. నీళ్ల చప్పుడు, అంతే. కొత్తవాళ్లకు విసుగు. ఈ నలుగురికి మాత్రం ఆటంటే అదే.

వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పొగమంచులో ఒక్కొక్కరినీ అడిగే తీరిక ఉండదు. డార్సీ ముందుండి, “దిగుతున్నాం, ఎవరైనా వద్దంటారా?” అంటాడు. మూడు లెక్కపెట్టేలోగా ఎవరూ పలక్కపోతే అందరూ సరేనన్నట్టే. ఇన్నేళ్లలో రేయో ఒక్కసారీ వద్దనలేదు. సరేననీ అనలేదు. నోరు తెరవడం అతనికి పన్ను పీకించుకున్నంత పని.

ఆ వేళ ఆట వెంటనే మొదలుకాలేదు. లాంతర్ల రేవు సినిమాగా వస్తోంది, శుక్రవారం విడుదల. పేపరు వాళ్లకు ముందే చూపించారు. సమీక్ష పొద్దున్నే అచ్చయింది.

“రెండు చుక్కలు!” అన్నాడు డార్సీ. అతను నగరంలో మంచు తోసే బండి నడుపుతాడు, గొంతు కూడా ఆ బండిలాగే ఉంటుంది. “ఐదుకి రెండు! ఎవరీ మొరెల్లో?”

“ఎవరో కాలేజీ పిల్లయ్యుంటుంది,” అన్నాడు ఓస్టాప్. రొట్టెల బట్టీలో పని అతనిది, తెల్లారకముందే లేవాలి, అయినా బుధవారం మానడు. “హాల్లో కాళ్లు చాపుకుని ఫోన్ చూసుకునే రకం.”

“ముందు చదువు, తర్వాత తిట్టుకుందాం,” అంది ఐలీ. స్కూలు బస్సు నడిపే మనిషి కదా, ఎవరినైనా కూర్చోబెట్టగలదు.

డార్సీ ముక్కుతో చదివాడు. “‘రేవును రాయి రాయీ పేర్చి కట్టారు. ఆటలో ఏది ఎక్కడుందో తెరమీద అక్కడే ఉంది. కానీ సరస్సు దాటే ఘట్టంలో నా చేతుల్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.’ విన్నారా? చేతులట! చప్పట్లు కొట్టుకోమనండి!”

అందరూ నవ్వారు. రేయో నవ్వలేదు. అయితే అతను నవ్వకపోవడం ఎవరికీ వినిపించదు.

మొరెల్లో అతని అల్లుడి ఇంటిపేరు. రాసింది అతని కూతురు కైసా. ఆ సంగతి ఈ ముగ్గురికీ తెలీదు. వాళ్లు అడగలేదు, అతను చెప్పలేదు. పొద్దున కాఫీ చల్లారిపోయేదాకా ఆ సమీక్షనే చదివాడు. ఇప్పుడు ‘మా అమ్మాయే’ అందామనుకున్నాడు. రెండు మాటలు. గొంతుదాకా వచ్చాయి కూడా.

“రేపు ఎడిటర్‌కి ఫోన్ కొడుతున్నా,” అన్నాడు డార్సీ. “ఆట ముట్టుకోని మనిషిచేత ఇలాంటివి రాయించొద్దని చెప్తా. మన నలుగురి పేర్లూ ఇస్తా. ఎవరైనా వద్దంటారా?”

ఓస్టాప్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. రేయో నాలుక పళ్ల వెనక అతుక్కుపోయింది. మూడు లెక్కపెట్టడం ఎంతసేపు!

“సరే, పడవెక్కండి,” అన్నాడు డార్సీ.

*

మర్నాడు మధ్యాహ్నం కైసా వచ్చింది. బూట్లు విప్పలేదు, కోటు విప్పలేదు, గుమ్మం లోపలి పట్టా మీదే నిలబడింది.

“మా ఎడిటర్‌కి ఎవరో ఫోన్ చేశారు నాన్నా. నాలుగు పేర్లు చెప్పారు. ఆఖరి పేరు విని ఊళ్లో ఇంకో రేయో సాల్మెలా ఉన్నాడేమో అనుకున్నా.”

“లేడు,” అన్నాడు రేయో.

“ఆయన మా నాన్నేనని నేనే చెప్పాను. మా నాన్న అలా అనడని చెబుదామని చెప్పాను. దానికి ఎడిటర్ ఏమన్నాడో తెలుసా? సొంత తండ్రే ఒప్పుకోని రాతని నేనెలా వెనకేసుకురానమ్మా, అన్నాడు.”

“ఉద్యోగం?”

“పోలేదు. సినిమాలు వేరేవాళ్లకి ఇవ్వాలా అని ఆలోచిస్తున్నాడట.” ఆమె చేతి తొడుగులు ఒకదానికొకటి కొట్టి మంచు దులిపింది. “నాకు పేపరు బాధ కాదు. నువ్వు చదివావా, నేను రాసింది?”

“చదివాను.”

“ఎలా ఉంది?”

“సినిమా చూళ్లేదుగా.”

“చూడకుండానే పేరిచ్చావా?”

“నేనేమీ అనలేదు కైసా.”

“అదే నాన్నా! నువ్వెప్పుడూ ఏమీ అనవు. నా పెళ్లప్పుడు ఏమీ అనలేదు. అమ్మ పోయినప్పుడూ అంతే. పోన్లే, మా నాన్న అంతే అనుకున్నా. ఈసారి నువ్వు అనకపోవడం వచ్చి నా నెత్తిన పడింది.”

అరవలేదు. అరిచినా బాగుండేది. తలుపు మెల్లగా వేసుకుని వెళ్లిపోయింది. పట్టా మీద కరిగిన మంచు చిన్న మడుగు కట్టింది. రేయో గుడ్డ తెచ్చి తుడిచాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక ఇంకోసారి తుడిచాడు.

*

శుక్రవారం హాలు కిటకిటలాడింది. సగంమంది సరంగులాగా బూడిదరంగు ముసుగులు వేసుకొచ్చారు. చేతుల్లో బ్యాటరీ లాంతర్లు. బయట వరసలోనే రెండు జట్లయి వాదించుకుంటున్నారు. టొరంటో పేపర్లు ఏకేశాయట, పేపర్లకేం తెలుసని ఒక జట్టు. లాంతరు వెలుగు పసుపు కాదు, ఆకుపచ్చలో ఉండాలి, ఆ ఒక్క తప్పుకే సినిమా చచ్చిందని ఇంకో జట్టు. ఎవరూ ఇంకా సినిమా చూడలేదు.

నలుగురూ పక్కపక్కనే కూర్చున్నారు. రేయో చివర.

బాగానే తీశారు. విరిగిన గంట ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, హాలంతా ఈల వేసింది. మూడో దీవిలో బావి కనిపించింది, మళ్లీ ఈల. ప్రతి మెట్టూ తెలిసిన మెట్టే. సొంత వీధిలో నడిచినట్టే ఉంది. రేయోకి సంతోషం కలిగింది. కైసా ఎందుకలా రాసిందా అని కూడా అనుకున్నాడు.

అప్పుడు పడవ కదిలింది. పొగమంచు కమ్ముకుంది. నీళ్ల చప్పుడు.

హాలు నిశ్శబ్దమైపోయింది. రేయో తన ఒళ్లో చూసుకున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీదున్నాయి. బొటనవేళ్లు కదులుతున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. సిగ్గేసి పక్కకు చూశాడు. ఐలీ వేళ్లు చేతిసంచీ పట్టీ మీద కదులుతున్నాయి. ఓస్టాప్ వేళ్లు ముందు సీటు వెనక. డార్సీ పాప్‌కార్న్ డబ్బాను రెండు చేతులా పట్టుకుని దాని అంచు మీద తెడ్డు వేస్తున్నాడు. తెర వెలుగులో వరసంతా అలాగే ఉంది. అందరూ తెడ్డు వేస్తున్నారు, ఎవరికీ తెలీదు.

తెరమీద సరంగు తన పాటికి తాను వేసుకుంటున్నాడు. అతనికి వీళ్లెవరూ అక్కర్లేదు. రేయో వేళ్లు ఆపి చూశాడు. పడవ కొట్టుకుపోలేదు. నిటారుగా వెళ్లింది.

అతనికి పాత సాయంత్రాలు గుర్తొచ్చాయి. కైసా చిన్నప్పుడు తల్లికి ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ. పిల్ల అతని ఒళ్లో కూర్చునేది. కంట్రోలర్ ఒకటే. ఎడమ తెడ్డు దానిది, కుడి తెడ్డు అతనిది. అది పొరబడితే పడవ గుండ్రంగా తిరిగేది, అది కిలకిలా నవ్వేది. ఏం మాట్లాడుకునేవాళ్లు కాదు. అవసరం ఉండేది కాదు.

చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదని రాసిందంటే, మరి ఎలా తెలుస్తుంది?

*

సినిమా అయ్యాక నలుగురూ బేకరీలో కూర్చున్నారు. గులాబీరంగు పాకం పూసిన, ఆ ఊళ్లో పర్షియన్లనే బన్నులు తెప్పించాడు డార్సీ. అతని మొహం వెలిగిపోతోంది.

“ఒక్క రాయి తప్పలేదు! ఐదుకి ఐదు. మన నలుగురి పేరుమీదా నెట్‌లో అన్ని చోట్లా ఐదే పెట్టేస్తున్నా. ఆ మొరెల్లో నోరు మూతపడాలి. ఎవరైనా వద్దంటారా?”

ఐలీ కప్పులోకి చూస్తోంది. ఓస్టాప్ నోటినిండా బన్ను.

“నేను,” అన్నాడు రేయో.

డార్సీ చుట్టూ చూశాడు, వేరే ఎవరో అన్నారేమోనని.

“నేను వద్దంటున్నా.”

“ఓరి దేవుడో,” అన్నాడు ఓస్టాప్. “వీడికి మాటలొచ్చు!”

“ఆ సమీక్ష రాసింది మా అమ్మాయి.”

డార్సీ చేతిలో బన్ను పళ్లెంలో పెట్టేశాడు.

“ఏంటీ?” అన్నాడు డార్సీ. “నేను ఫోన్ చేసింది మీ అమ్మాయి మీదా? బుధవారం అడిగానుగా! నోట్లో ఏం పెట్టుక్కూర్చున్నావయ్యా?”

“ఏమీ లేదు. అనాల్సింది, అనలేదు. ఇప్పుడంటున్నా.”

“చెడ్డ ఇరకాటంలో పెట్టావు కదా మనిషీ.”

“ఆట ముట్టుకోని మనిషన్నావు. ఎడమ తెడ్డు దానిది. నా ఒళ్లో కూర్చుని వేసేది, నీకు ఈ ఆట పేరు తెలియక ముందు.” రేయో ఊపిరి పీల్చుకున్నాడు. ఇంత పొడుగు మాట ఈమధ్య ఎప్పుడూ అనలేదు. “ఇందాక హాల్లో నువ్వూ వేశావు డార్సీ. డబ్బా మీద. నేను చూశా.”

“నేనేం వెయ్యలేదు.”

“వేశావు,” అంది ఐలీ. “నేనూ వేశాను. పడవ నా మాట వినలేదు. ఏదోలా అనిపించింది. ఎందుకో తెలీక ఊరుకున్నా.”

డార్సీ తన బొటనవేళ్లను చూసుకున్నాడు. వాటికి గులాబీ పాకం అంటుకుని ఉంది.

“అయితే మాత్రం రెండేంటి?” అన్నాడు. “మూడన్నా ఇవ్వచ్చుగా?”

“అది దాన్నే అడుగు.”

“ఎడిటర్‌కి మళ్లీ ఫోన్ చేసి ఏమనను? నేనో వెధవనండీ అననా?”

“అది ఆయనకి ముందే తెలిసుంటుంది,” అన్నాడు ఓస్టాప్.

“నా పేరు నేను తీయించుకుంటా,” అన్నాడు రేయో.

“నాది కూడా తీయించు,” అంది ఐలీ.

“నాది ఉండనివ్వండి,” అన్నాడు ఓస్టాప్. “నాకు సినిమా నచ్చింది. మీ అమ్మాయంటే కోపం లేదు రేయో. నచ్చింది, అంతే.”

రేయో తలూపాడు. అది న్యాయమే అనిపించింది.

తన పేరు సంగతి డార్సీ ఎటూ తేల్చలేదు. లేచేటప్పుడు మాత్రం రేయో కోటు కొక్కెం మీంచి తీసి ఇచ్చాడు. “బుధవారం వస్తావా?”

“వస్తా.”

“వద్దనడం మొదలెట్టావు. ఇంక పడవ కదిలినట్టే.”

*

సోమవారం పొద్దున రేయో పేపరు ఆఫీసుకు నడిచి వెళ్లాడు. ఫోనులో అయితే మాట పడిపోతుందని భయం. ఎడిటర్ కూర్చోమన్నాడు. రేయో నిలబడే చెప్పాడు.

“నేను ఫిర్యాదు చెయ్యలేదు. నా పేరు చెబుతుంటే ఊరుకున్నా. ఐలీ కూడా తన పేరు తీసెయ్యమంది. ఇప్పుడు సినిమా చూశాను. అమ్మాయి రాసింది సరైనదే.”

ఎడిటర్ కళ్లజోడు పైకి తోసుకుని నవ్వాడు. “మీరు తండ్రి కదండీ. మీరు ఇంకేమంటారు?”

రేయో టోపీని చేతిలో తిప్పుకున్నాడు. అవునుమరి. కాదన్నప్పుడు తండ్రి మాటకు బరువు, అవునన్నప్పుడు లేదు. తూకాలు వేసిన మనిషికి అది తమాషాగా తోచింది. టోపీ పెట్టుకుని, అక్కణ్ణించి కైసా ఇంటికే నడిచాడు.

తలుపు తీసింది ఆమే. లోపలికి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. అతనే వచ్చి వంటగదిలో కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. బేకరీలో సంగతి, ఎడిటర్ సంగతి. తడుముకుంటూ, మధ్యలో ఆగుతూ, వెనక్కి వెళ్లి వదిలేసింది కలుపుతూ చెప్పాడు. ఆమె గిన్నెలు తుడవడం ఆపేసి వింది.

“నమ్మలేదా ఆయన?”

“నమ్మలేదు.”

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. “ఈ వారం సినిమా నాకే ఇచ్చాడులే. ఆ పైన చూద్దామన్నాడు.” గుడ్డ భుజాన వేసుకుంది. “అది సరే. నిజంగా ఒప్పుకున్నావా నాన్నా, నేను రాసిందంతా? నా మొహం చూసి చెప్పు.”

“చాలావరకు.”

“చాలావరకా?”

“చివర్లో సరంగు కూతురు ఏడవడం తెచ్చి అతికించినట్టుందని రాశావు. అది తప్పు.”

“ఎందుకు తప్పు? సినిమా అంతా కన్నీరు కార్చని పిల్ల, ఒడ్డుకు చేరాక ఏడవడమేంటి? ఆటలో ఏడవదు. జనం రుమాళ్లు తియ్యాలని పెట్టారు.”

“పడవలో ఉండగా ఎలా ఏడుస్తుంది? పడవలో పనుంటుంది. ఒడ్డు చేరాకే ఏడుస్తారు.”

కైసా గుడ్డ బల్ల మీద పడేసింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అయితే ఆ సంగీతం? అంత మోత దేనికి? ఏడుపు మీద నమ్మకం ఉంటే వయొలిన్లు ఎందుకు?”

“వయొలిన్లు ఎక్కువే,” అన్నాడు రేయో. “ఏడుపు మాత్రం సరిపోయింది.”

“నువ్వన్నది తప్పు నాన్నా.”

“కాదు,” అన్నాడు రేయో, కోటు గుండీలు విప్పుకుంటూ. “చెప్తా విను.”