లోరెంజ్ బొటనవేలు

ఒహాయో నది మా వీధిలోకి వచ్చి, చర్చి మెట్ల మీద పీపాలు వదిలి వెళ్ళిన ఏడాది అది. వరద ఫిబ్రవరిలో వచ్చింది. ఆగస్టులో మా అన్న లోరెంజ్ బొటనవేలు పోయింది. వరద గురించి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. వేలి మాట ఎవరూ ఎత్తరు. అందుకే రాస్తున్నాను.

మాది పీపాలు చేసే ఇల్లు. తాత బవేరియా నుంచి ఓడలో వస్తూ, చెక్కని తన వైపు లాక్కుంటూ చెక్కే రెండు పిడుల కత్తి, తోలు ఏప్రాను తెచ్చుకున్నాడు. బీరు పీపాకి మేకులుండవు, జిగురుండదు. చెక్క పలక పక్క పలకకి అతికిందో లేదో బొటనవేలితో తడిమి చూసుకోవాలి. తొడుగు వేసుకున్న చేతికి ఏమీ తెలియదు. గడ్డకట్టే చలిలో కూడా తొడుగు వేసుకున్నవాణ్ణి మా నాన్న ఇగ్నాజ్ కొట్లో నిలబడనిచ్చేవాడు కాదు.

ఆ వేలి పని అన్నకి నాన్నకంటే బాగా వచ్చింది. కానీ బంతి పిచ్చి పట్టింది. జీతానికి ఆడే బేస్‌బాల్ జట్టులో చేరాడు. బ్యాటు పట్టినవాడి వెనక నిలబడి వట్టి చేతులతో బంతి పట్టడం అన్న పని. ఆడి బతికేవాడికీ కోతిని ఆడించేవాడికీ తేడా లేదని నాన్న అన్నాడు. ఆటకి ఒక్కసారీ రాలేదు. అయినా కొట్లో అన్న బల్ల మీద ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. చలికాలం ఆట ఉండదు. అప్పుడు అన్న వచ్చి అక్కడే కూర్చుని పలకలు చెక్కేవాడు. ఆట కొన్నాళ్ళే, ఈ బల్ల ఎప్పుడూ ఉంటుంది అనేవాడు.

వరద వచ్చిన ఏడాదే బంతిని భుజం పైనుంచి విసరొచ్చని కొత్త రూలు పెట్టారు. బంతులు రాళ్ళలా వచ్చేవి. జూలైకల్లా అన్న కుడి బొటనవేలు మొదట్లో ఎముక చిట్లింది. ఇంకో దెబ్బ తగిలితే ఇక వంగదని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళు ఆడకుండా కూర్చుంటానని అన్న మేనేజరు హబర్డ్‌ని అడిగాడు. ఇక్కడ నిలబడనివాడు ఎక్కడా నిలబడడని హబర్డ్ నవ్వుతూ చెప్పాడు. నిజమే. ఒక జట్టు నీ పేరు తన జాబితాలో రాసుకుంటే ఇంకో జట్టు నిన్ను ముట్టుకోదు. గుర్రం బతుకే అంతకంటే నయం.

వరద బురదలో నాని పనికిరాదని నాన్న పారేసిన తాత ఏప్రాను నా దగ్గరుంది. దాన్ని కోసి, లోపల గుర్రపు వెంట్రుకలు కూరి, అన్న చేతులకి తొడుగులు కుట్టాను. వంకరగానే వచ్చాయి. బాగున్నాయన్నాడు అన్న. వాటితో ఆడినన్నాళ్ళూ వేలికి ఏమీ కాలేదు.

జనం మాత్రం ఊరుకోలేదు. చేతులు కందిపోతాయా అమ్మాయీ అని ఒకడు. మేళం ఎప్పుడు, పెళ్ళికూతురా అని ఇంకొకడు. అన్న తలెత్తేవాడు కాదు.

ఆగస్టులో ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బీరు కొట్టువాళ్ళు నాన్నని పట్టుబట్టి ఆటకి తీసుకొచ్చారు. మా పీపాలు కొనేది వాళ్ళే. అన్న నిలబడే చోటికి వెనకే, కంచె పక్కన ఆయన్ని కూర్చోబెట్టారు. నేను నాన్న పక్కన ఉన్నాను. అన్న తొడుగులతో రాగానే ఎగతాళి మొదలైంది. బీరు కొట్టు పెద్దాయన నాన్న భుజం తట్టి, "ఏం ఇగ్నాజ్, నీ కొట్లో కూడా ఇలాగే చేతులు దాచుకుంటారా? అలాగైతే పీపాలు కారవా మరి" అన్నాడు. అందరూ నవ్వారు.

నాన్న లేచి నిలబడ్డాడు. ఆ ఆటలో బంతి ఎలా వస్తుందో ఆయనకి తెలియదు. తొడుగు మాత్రమే కనిపించింది.

"ఒరే లోరెంజ్. మన ఇంట్లో ఎవడూ తొడుగు వేసుకోలేదు. తియ్యి."

వేలి సంగతి చెప్పబోయాను. నోరు ముయ్యమన్నాడు.

అన్న వెనక్కి తిరిగి చూశాడు. జట్టులో చేరిన ఈ రెండేళ్ళలో ఆయన నోట తన పేరు అన్న ఒక్కసారీ వినలేదు. తొడుగులు ఊడదీసి గడ్డి మీద పడేశాడు. జనం చప్పట్లు కొట్టారు. నాన్న కూర్చున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఎంతోసేపు పట్టలేదు. ఒక బంతి బ్యాటు అంచుకి తగిలి పక్కకి తిరిగి వేలికి తగిలింది. ఎండుపుల్ల విరిగినట్టు వినిపించింది. హబర్డ్ వచ్చి, చెయ్యి చూడకుండా, ఆడగలవా అని అడిగాడు. ఆడతానన్నాడు అన్న. చివరిదాకా ఆడాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం. గడ్డిలో పడున్న తొడుగులు నేను ఏరి ఇంటికి తెచ్చాను.

డాక్టరు కట్టు కట్టి, ఈ వేలు ఇక వంగదు, దీనికి స్పర్శ కూడా తెలియదు అన్నాడు. జట్టుకి ఇక అక్కర్లేదని హబర్డ్ ఒక మనిషి చేత కబురు పంపాడు. తను రాలేదు.

సాయంత్రం అన్న భోజనానికి దిగలేదు. నాన్న బంగాళాదుంపల సూపు తాగుతున్నాడు.

"వేలు పోయింది నాన్నా" అన్నాను.

"మా నాన్నకి రెండు వేళ్ళు లేవు. పని ఆగిందా?"

"ఆ రెండూ పనిలో పోయాయి. ఇది నీ మాటకి పోయింది."

ఆయన చెంచా కింద పెట్టలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయన పక్కన కూర్చుని నేనెప్పుడూ తినలేదు.

మర్నాడు నేనూ నాన్నా కొట్టు తెరవడానికి వెళ్తే తలుపు తీసే ఉంది. అన్న తన బల్ల మీద ఉన్నాడు. ఎడమ చేత్తో, పళ్ళతో నేను కుట్టిన తొడుగుని తోలు వారులుగా చీల్చుకున్నాడు. ఒక వారుతో కుడి చేతిని తాత కత్తి పిడికి బిగించి కట్టుకున్నాడు. ఎదురుగా ఓకు పలక పెట్టుకున్నాడు.

"అది విప్పు" అన్నాడు నాన్న.

అన్న తలెత్తలేదు. తోలు వారు విప్పలేదు. రెండు చేతులతో కత్తిని తన వైపు లాగాడు. చెక్కపొట్టు లేచి నాన్న బూట్ల మీద పడింది. మళ్ళీ లాగాడు.