రహస్యాలకి వరస నంబర్లు

ఆ ఉదయం చెయ్యాల్సిన పనులు: ల్యాబు రిపోర్టుల సర్వర్‌ని నెట్ నుంచి తెంపాలి. అది బాగయ్యేదాకా కాగితం మీద రిపోర్టులిమ్మని ల్యాబు వాళ్ళని బతిమాలాలి. సూపరింటెండెంటుని ఒప్పించాలి. బావకి ఫోన్ చెయ్యాలి.

ఆసుపత్రి కంప్యూటర్లు చూసే అమ్మాయికి చివరిదే గొంతులో ముల్లయింది. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీలో సేల్స్ మేనేజరు ఆమె సొంత అక్క మొగుడే మరి.

జరిగింది ఇదీ. వార్డు క్లర్కు ఒకడు తన తల్లి రిపోర్టు చూద్దామని ఫోన్లో లింకు తెరిచి, చివరి నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. పిల్లల వార్డు సిస్టర్ రిపోర్టు తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడిగిన పాపాన పోలేదు. నంబర్లన్నీ వరసగా ఉన్నాయి, ఒకటి కూడితే పక్కవాళ్ళది వస్తుంది. మనుషులకి వరసలుండాలి గానీ, రహస్యాలకి వరసేమిటి? సిస్టర్ జబ్బేమిటో టీ వేళకి మేడంతా పాకింది. ఆ పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. "నా బిడ్డని ముట్టుకోకు!" అని ఒక తల్లి ఆమె మొహం మీదే అరిచింది.

బావ వచ్చి సూపరింటెండెంటు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం మరదలా, బావ అన్నం కుండకే చిల్లు పెడతావా?"

"కుండ మీది, చిల్లూ మీదే బావా. నేను వేలు పెట్టి చూపించానంతే."

"ఇలా చాటింపేస్తే దొంగలకి దారి చూపించినట్టే. కంపెనీ కేసేస్తుంది, చూసుకో."

"మీ కోడ్ ఇలా ఇవ్వండి, నేనే సరిచేసుకుంటా."

"అది మా ఆస్తి. వచ్చే వెర్షన్‌లో సరిచేస్తాం."

"అదెప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడు."

సూపరింటెండెంటు ఆమె మీదే విరుచుకుపడ్డాడు. "నువ్వు పెడదామన్న ఆ ఓపెన్ సోర్స్, ఊరుమ్మడి సాఫ్ట్‌వేర్ అయితే ఇంకా ఘోరం. కోడ్ ఊరందరికీ బట్టబయలు! ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? తేడా వస్తే ఎవరి పీక పట్టుకోవాలి?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. అదీ సుద్దపూసేం కాదు. కిందటేడు అందులోనూ పెద్ద లోపమే బయటపడింది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో కూర్చుని సరిచేసి పెట్టాడు. ఆ సవరణ తెచ్చి వేసుకోని చోట్ల మాత్రం కొంపలు మునిగాయి. ఉమ్మడిదానికి కాపలా మనమే కాయాలి. అందుకు మనిషిని పెట్టమంటే ఇక్కడ ఎవరూ పెట్టరు.

"సరే సార్. పీక ఎదురుగానే ఉంది, పట్టుకోండి," అంది బావని చూపిస్తూ.

బావ నవ్వుతూనే ఒప్పందం తిరగేసి, అడుగున ఉన్న చీమల్లాంటి అక్షరాల మీద వేలు పెట్టాడు. ఏ నష్టానికీ కంపెనీది బాధ్యత కాదు.

"సంతకం మీదే సార్," అన్నాడు మర్యాదగా.

ఇక గదిలో పట్టుకోవడానికి ఒక్క పీకే మిగిలింది. "ఇవన్నీ ముందే చూసుకోవాల్సింది నువ్వు కాదూ?" అన్నాడు సూపరింటెండెంటు ఆమెతో.

ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఉద్యోగం పోతే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా లేచి, ఎవర్నీ అడక్కుండా సర్వర్ గదిలోకెళ్ళి వైరు పీకేసింది.

"ఇంక మీ అక్క గడప తొక్కావంటే ఊరుకోను," అన్నాడు బావ వెనకాలే వచ్చి.

"ఆ గడపకైనా తలుపుందా బావా?"

వైరు పీకినందుకు ఆమెకి మెమో వచ్చింది. బావ కంపెనీకి, భద్రత విడిగా కొనాలంటూ, ఇంకో ఒప్పందం వచ్చింది. రిపోర్టులు మూతపడ్డాయి గానీ పాకిన మాటకి మూత దొరకలేదు. సిస్టర్‌ని పసిపిల్లల దగ్గర్నుంచి సామాన్ల గదికి మార్చారు. నాలుగు రోజులు దుప్పట్లు లెక్కపెట్టి, ఆమే మానేసి వెళ్ళిపోయింది.

ఆ ఆసుపత్రిలో అందరికీ ఆమె జబ్బు పేరే గుర్తుంది. మీరు మాత్రం, దయచేసి, ఆమెని ఇలా గుర్తుపెట్టుకోండి: దారప్పోగులాంటి పసివాళ్ళ నరాన్ని రెండోసారి గుచ్చకుండా పట్టుకునేది. గుచ్చేముందు, "తప్పదు నాన్నా, నా మీద కోపం పెట్టుకోకు," అని చెప్పేది.