పచ్చగా మార్చిన పరీక్ష

ఆమెకు అక్క మొగుడు పెట్టిన పేరు కంప్యూటరమ్మ. అతను లిఫ్టు మెకానిక్కు. ఆ లిఫ్టుల తలుపులు ఎప్పుడు మూసుకోవాలో, ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే ప్రోగ్రాం రాసేది ఆమె. ఇద్దరిదీ ఒకే కంపెనీ. "బుర్ర మా మరదలిది, చేతులు నావి" అని బావ కనబడ్డవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ వారం సీనియర్ ఇంజినీరు కొత్త హుకుం జారీ చేశాడు. ఇకపై ఏ ప్రోగ్రామైనా, రాసుకునే కోడ్ ఎడిటర్‌లోనే పరీక్షలన్నీ పాసై, పచ్చ టిక్కులు వచ్చాకే బయటికి వెళ్ళాలట. అందుకు ఎడిటర్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది, పెట్టుకోండి అన్నాడు. కంప్యూటరమ్మ పెట్టుకుంది. ఎడిటర్ పక్క పట్టీలో గాజు కుప్పె బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. నొక్కితే, పరీక్షలేవీ కనబడలేదంది. తను రాసిన పరీక్షలన్నీ కళ్ళెదుటే ఉంటే కనబడకపోవడమేమిటి? పొద్దుటంతా దానితో కుస్తీ పట్టింది. చివరికి తేలిందేమంటే, ఫైలు పేరులో 'టెస్ట్' అన్న మాట లేకపోతే ఆ మహాతల్లి అటువైపు కన్నెత్తి కూడా చూడదు. పేరు మార్చగానే పరీక్షలన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.

రన్ నొక్కింది. పచ్చ, పచ్చ, పచ్చ. ఒక్కటి మాత్రం ఎర్రగా మిగిలింది. తలుపుల మధ్య సన్నటి వస్తువేదైనా అడ్డం ఉంటే ఏం జరగాలన్న పరీక్ష అది. రావలసిన జవాబు 'తెరుచుకోవాలి'. ప్రోగ్రాం ఇచ్చిన జవాబు 'మూసుకోవాలి'.

అప్పుడు ఆమె చేసిన పని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకే తోస్తుంది. ప్రోగ్రాం జోలికి పోలేదు. పరీక్షలోనే 'తెరుచుకోవాలి' కొట్టేసి 'మూసుకోవాలి' అని రాసింది. లెక్క తప్పితే లెక్కను దిద్దుకోవాలి గాని, పుస్తకం చివర ఉన్న జవాబును దిద్దుతారా? దిద్దింది. ఎక్స్‌టెన్షన్ కొత్త కదా, పరీక్ష రాయడమే నాకు సరిగ్గా రాలేదేమో అని మనసుకు సర్దిచెప్పుకుంది. అది అబద్ధమని ఆ మనసుకూ తెలుసు. ఈసారి తెరంతా పచ్చగా వచ్చింది. సీనియర్ భేష్ అన్నాడు, ప్రోగ్రాం బావ చూసే లిఫ్టులోకి ఎక్కింది. ఆ తెరను ఫోటో తీసి, సిగ్గు లేకుండా, బావకు కూడా పంపింది.

మర్నాడు అక్క ఫోను చేసింది. "మీ బావ వేళ్ళు లిఫ్టు తలుపులో నలిగాయే. కట్టు కట్టి ఇంటికి పంపించేశారు."

ఆమె పరుగున వెళ్ళేసరికి బావ కుడిచేతికి పెద్ద కట్టుతో కుర్చీలో కూర్చున్నాడు. అక్క చెంచాతో తినిపిస్తోంది.

"ఏంటి కంప్యూటరమ్మా, ఆ ఏడుపు మొహం? వేళ్ళున్నాయిలే, ఊడిపోలేదు" అన్నాడు.

"ఎలా జరిగింది బావా?"

"అంతా నా తలకాయ. ఎప్పుడూ ముందు చెక్కముక్క అడ్డం పెట్టి చూస్తా. నీ ఫోటోలో అన్నీ పచ్చగా ఉన్నాయిగా, ఇంక చెక్కముక్కెందుకని వేళ్ళే పెట్టేశా. అడ్డం పసిగట్టే సెన్సరు నేనే వంకరగా బిగించుంటా. తప్పు నాదేనని సూపర్‌వైజరుకి చెప్పేశా."

"నీదెలా అవుతుంది?"

"మరి ఇంకెవరిది? ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదమ్మా. చూపు తగ్గిందేమో. నేనింక ఈ పనికి పనికిరానేమో."

"కళ్ళజోడు పెట్టుకోమని ఎంత మొత్తుకున్నానో" అని అక్క కళ్ళు ఒత్తుకుంది.

నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. బావ పని పోతుంది, తన ఉద్యోగం నిలుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే కంప్యూటరమ్మకు తనమీద తనకు అసహ్యం పుట్టింది.

"సెన్సరు బాగానే ఉంది బావా. ఒక పరీక్ష తప్పింది. నేనే జవాబు మార్చేసి పచ్చగా చేశాను."

బావ కుర్చీలో ముందుకు వంగాడు. "తెలీక మార్చావు కదూ?"

తప్పించుకునే దారి పాపం అతనే చూపిస్తున్నాడు. తల ఊపితే చాలు.

"తెలిసే మార్చాను."

అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బావ తిట్టలేదు. మొహం మాత్రం పాలిపోయింది.

"అయితే ఆ లిఫ్టు ఇప్పుడు నడుస్తోంది" అన్నాడు. "తప్పు నాదేనన్నానని సెన్సరు కాస్త సర్ది మళ్ళీ వదిలేశారు. పిల్లలు బడినుంచి వచ్చే వేళ."

ఎడమచేత్తో ఫోను తీయబోయి జారవిడిచాడు. ఆమె తీసి, ఆ భవనం వాచ్‌మన్‌కు కలిపి స్పీకరు పెట్టింది.

"లిఫ్టు మెయిన్ ఆపెయ్. ముందు ఆపు, తర్వాత మాట్లాడదాం" అని బావ అరిచాడు.

అవతల అడుగుల చప్పుడు, తర్వాత టక్కున స్విచ్చి. "ఆపేశా సార్. లోపల ఎవరూ లేరు."

ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

"కానీ జనం నామీద పడతారు సార్. మళ్ళీ మీరే ఏదో చేశారని చెప్పనా?"

బావ ఫోనును ఆమెవైపు జరిపి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"మెకానిక్ తప్పేం లేదు" అంది కంప్యూటరమ్మ. "ప్రోగ్రాం రాసినదాన్ని మాట్లాడుతున్నా. బాలేదని తెలిసే పంపాను. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పు."

అక్క గిన్నె తీసుకుని, చెల్లెలి మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే ఉండి సీనియర్‌కు ఫోను కలిపింది.