గేటు బయట

విజేందర్ చనిపోయిన మరుసటి వేసవిలో ఒక నేపాలీ సిపాయి కొత్తకోటలో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ ఆత్మకూర్ దగ్గరి వాళ్ల ఊరికి వచ్చాడు. పేరు టేక్ బహదూర్. ఆఫ్రికాలో నీలం టోపీల శాంతిదళం కింద, మన సైన్యం తరఫున విజేందర్ ఉన్న శిబిరంలోనే తన దేశం తరఫున పనిచేసినవాడు.

విజేందర్ భార్య శ్రీదేవికి పటాలం వాళ్లు చెప్పింది ఒక్క ముక్కే: వీరమరణం. అత్త మైసమ్మ కొడుకు యుద్ధంలో పోయాడనే అనుకుంటోంది. ఆమెకు హిందీ రాదు. సిపాయి చెప్పేది శ్రీదేవే తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

అక్కడ రెండు జాతులవాళ్లు ఒకరినొకరు చంపుకుంటున్నారట. శాంతిదళం ఎవరి పక్షమూ పట్టకూడదు. పైనుంచి హుకుం లేనిదే తుపాకీ పేల్చకూడదు. ఆ రోజు జనం ప్రాణాలు అరచేత పట్టుకొని శిబిరం వైపు పరుగెత్తుకొచ్చారు. వెనకే తుపాకులవాళ్లు. వచ్చినవాళ్లను వచ్చినట్టు లోపలికి తీసుకొని గేటు మూసేశారు. బయట కందకంలో ఒక తల్లీ పసిబిడ్డా ఉండిపోయారు. విజేందర్ ఎవరినీ అడగలేదు. పక్క తలుపు తీసుకొని పోయి బిడ్డను తెచ్చి లోపల ఇచ్చాడు. తల్లి కోసం మళ్లీ పోయాడు.

టేక్ బహదూర్ తల దించుకున్నాడు. మిగతాది చెప్పాడు. కాపలా బురుజు మీద ఉన్నది తానే. విజేందర్‌ను కాల్చినవాడు తన తుపాకీ గురిలోనే ఉన్నాడు. తాను వైర్‌లెస్‌లో హుకుం కోసం చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటుండు?" అంది మైసమ్మ.

శత్రువులతో పోరాడి పోయాడట అనేస్తే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ శ్రీదేవి ఏదీ దాచకుండా చెప్పేసింది.

మైసమ్మ సిపాయి చేతులకేసి చూసింది. "ఆయన కాలిస్తె నా కొడుకు బతుకుతుండెనా, అడుగు."

అడిగింది. బతికేవాడేమో అన్నాడు అతను తల ఎత్తకుండా.

మైసమ్మ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. శ్రీదేవి అతనికి అన్నం పెట్టింది. నాలుగు మెతుకులు తిని చేయి కడుక్కున్నాడు. మన్నించమని అడిగితే ఆమె తిట్టనూ లేదు, మన్నించాననీ అనలేదు. ఆ బిడ్డ సంగతి మాత్రం అడిగింది. వేరే శిబిరానికి పంపారట, ఆపైన ఏమైందో అతనికీ తెలియదు. తల్లి ఆ కందకంలోనే పోయింది.

అతను వెళ్లాక మైసమ్మ తలుపు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. "నా కొడుకు మంచి పనే చేసిండు గదా బిడ్డా," అంది కోడలి మొహంలోకి చూస్తూ.

శ్రీదేవి ఔననలేకపోయింది. ఇన్నాళ్లూ ఎవరి మీదో తెలియని కోపం ఒక్కసారిగా భర్త మీదికి తిరిగింది.

"లోపలనే ఉంటె ఆయన్ను ఎవ్వరూ ఏమనకపోతుండిరి అత్తా."

మైసమ్మ గోడకు చేరగిలబడి కోడలి పక్కనే కూర్చుంది.