ఒక్కసారే చావాలి

దేవమణి కచేరీలో ఏ వాయిద్యమూ ముట్టదు, నోరు తెరిచి పాడదు, అయినా దొరల సీమలో సంగీతం మీదే బతుకుతోందంటే విజయనగరంలో ఎవరూ నమ్మలేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఇంటికో ఫిడేలు ఉన్న ఊరది. చేతులు ఊరికే ఊపితే డబ్బులొస్తాయంటే ఆ ఊరికి నవ్వు రాదూ!

"మరేటి సేస్తావే అమ్మాయి?" అని హార్మోనియం గణపతిరావు మొదటిరోజే అడిగేశాడు. నాటకాల్లో నలభై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్నవాడు, మొహమాటం ఎరగనివాడు.

"అందరి ముందూ నిలబడి పుల్ల ఊపుతాను మావా."

"దానికి జీతమిస్తారేటి?"

"ఇస్తారు. ఊపకపోతే తలో దారిన పోతారు."

గణపతిరావు "అంటే ఆళ్ళకి తాళం రాదన్నమాట పాపం" అన్నాడు. దేవమణి నవ్వింది గాని కాదని అనలేదు.

ఆమెది శ్రీకాకుళం. తండ్రి మిషన్ స్కూల్లో ఉపాధ్యాయుడు. చర్చిలో కాలితో తొక్కే హార్మోనియం దగ్గర మొదలైన పిల్ల, మిషన్ దొరసాని పుణ్యమా అని కలకత్తా వెళ్ళింది, అక్కణ్ణుంచి లండన్, లండన్ నుంచి జర్మనీ. జర్మనీలో ఓ మోస్తరు ఊళ్ళో ఆపెరా థియేటర్ ఉంది. ఆపెరా అంటే మన పద్యనాటకం లాంటిదే, కాకపోతే పద్యానికీ పద్యానికీ మధ్య మాటలుండవు, తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా పాటే. పియానో దగ్గర కూర్చుని ఆ పాటలన్నీ గాయకులకు నేర్పే పంతులమ్మ మన దేవమణి. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు వియన్నాలో పాడారు, లిస్బన్‌లో పాడారు, జాగ్రెబ్‌లో పాడారు. భయం వేస్తే ఆమెను కూడా వెంటబెట్టుకుని పోయారు. అలా ఆమె చూడని దేశం లేదు. తనివితీరా చెయ్యని పని మాత్రం ఒక్కటే మిగిలింది. గణపతిరావుకు గొప్పగా చెప్పిందే గాని, అందరి ముందూ నిలబడి నాటకం నడిపించే ఆ పుల్ల ఆమె చేతికి ఎప్పుడో గాని రాలేదు. అది మగవాళ్ళ పని. పుల్ల పట్టే పెద్దాయనకు జ్వరమొస్తేనే ఈమెకు పండగ.

పోయిన ఏడాది థియేటర్ పెద్ద హాల్మన్ దొరను ఆమె నిలదీసింది. నాకు సొంతంగా ఒక నాటకం ఎప్పుడిస్తారని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు, మొండివాడు. "ఇంకొకరు తయారుచేసినదాన్ని మీరు నడపగా చూశాను. మొదటి నుంచీ మీరే తయారుచేసి, మీరే నడిపింది చూడాలి. చూసి నచ్చితే వచ్చే సీజన్ మొదటి ఆపెరా మీది. నచ్చకపోతే పియానో దగ్గరే ఉండండి, మళ్ళీ అడగొద్దు" అన్నాడు. ఇంతలో థియేటర్ పైకప్పు మరమ్మతుకొచ్చి అందరికీ సెలవులిచ్చారు. హాల్మన్ ఏదో సభకు కలకత్తా వచ్చి, మద్రాసు వెళ్ళాల్సి ఉంది. "మద్రాసు మెయిలు మా ఊరి పక్క విజయనగరంలో ఆగుతుంది. దిగండి, చూపిస్తాను" అంది దేవమణి. అనేశాక గాని ఏమన్నదో ఆమెకు తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు.

అలా అరవై ఎనిమిది ఫిబ్రవరిలో, కంటోన్మెంటులో ఒక స్కూలు ఆవరణలో పందిరి లేచింది.

కథ ఇటలీదే. ఆమె దాన్ని తెలుగు చేసి నౌపడ ఉప్పుమడుల్లోకి దింపింది. నీలవేణి అనే ఉప్పు కూలీ, తుఫాను రాత్రి ఉప్పురాశి కరిగిపోకుండా తాటాకులు కప్పబోయి, వానలో తడిసి జ్వరం తగిలి, మొగుడి ఒళ్ళో పాడుతూ ప్రాణం విడుస్తుంది. ఫిడేళ్ళు ఊళ్ళోనే దొరికాయి. క్లారినెట్లు పెళ్ళి బ్యాండు నుంచి వచ్చాయి. గుంపుగా పాడటానికి ఎలీసమ్మ పెద్దరికంలో చర్చి ఆడవాళ్ళు వచ్చారు. గొంతులు బంగారమే గాని, పాట ఎత్తుకోగానే అందరూ కళ్ళు మూసేసుకునేవారు. చర్చిలో అదే మర్యాద మరి.

"కళ్ళు తెరిస్తే దేవుడి మీద మనసు నిలవదమ్మా" అంది ఎలీసమ్మ.

"దేవుడికి మీ పాట ఎలాగూ వినబడుతుంది పిన్నీ. నా చెయ్యి మీకు కనబడాలి కదా" అంది దేవమణి. నాలుగు వారాలకు గాని ఆ కళ్ళు తెరుచుకోలేదు.

వీటన్నిటికీ ఆమె జంకలేదు. జంకింది ఒక్క పద్మకుమారి దగ్గరే.

పద్మకుమారి నీలవేణి వేషం. చావు పద్యాలకు ఆ చుట్టుపక్కల మూడు జిల్లాల్లోనూ ఆమెను మించినవాళ్ళు లేరు. పద్యం పాడి ప్రాణం విడిచిందంటే జనం "వన్స్‌మోర్" అని అరవాలి, గణపతిరావు శ్రుతి అందుకోవాలి, పద్మకుమారి లేచి కూర్చుని పద్యమంతా మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. నాటకమంటే అదీ. పాలకొండలో ఒకసారి తెల్లారిపోయిందట, కథ ముందుకు కదలక.

హాల్మన్‌కు సరిగ్గా ఇదే గిట్టదు. నాటకం మధ్యలో చప్పట్లకు లొంగి పాట మళ్ళీ పాడించాడని, పుల్ల పట్టడంలో పేరున్న మనిషినే ఉద్యోగంలోంచి పంపించేశాడు. జనం చేతిలోకి పోయిన నాటకం ఇక నీ చేతికి రాదు అనేది ఆయన వేదం. దేవమణిదీ అదే వేదం.

"అప్పా, ఈ నాటకంలో నువ్వు ఒక్కసారే చావాలి" అంది దేవమణి, సాధన అయ్యాక చెల్లెలిలా పక్కన కూర్చుని.

"వన్స్‌మోర్ అంటే?"

"అన్నా లేవకూడదు. నీ చావు చూసి జనం ఏడుస్తుంటారు. నువ్వు లేచి కూర్చుంటే ఆ ఏడుపు అబద్ధమైపోదా?"

పద్మకుమారికి కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. "అబద్దవని ఆళ్ళకి తెలవదేటమ్మా? తెలిసే వొచ్చారు. మళ్ళీ పాడమన్నారంటే నా మెళ్ళో దండేసినట్టు. దండ తెస్తే తల వొంచనా? పక్కకి తిరిగి తొంగోనా?"

దేవమణి ఉన్నమాటే చెప్పింది. "ఆ దొర వచ్చేది నన్ను చూడ్డానికి అప్పా. నువ్వు లేచావంటే నా పని అయిపోయినట్టే. ఇన్నేళ్ళ నా కష్టం బుగ్గిలో కలిసిపోతుంది."

పద్మకుమారి ఆమె మొహంలోకి చూసి, చూసి, దేవమణి చెయ్యి లాక్కుని అందులో తన చెయ్యి వేసింది. "సర్లే. నీకోసం ఓపాలే సస్తాను. ఒట్టు."

ఆ సాయంత్రం పందిరి నిండిపోయింది. హాల్మన్ ముందు వరసలో చెక్క కుర్చీలో కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. దేవమణి తెల్లచీర కొంగు బిగించి, జనానికి వీపు పెట్టి నిలబడి పుల్ల ఎత్తింది. ఎత్తిన క్షణం నుంచీ ఆమెకు భయం లేదు. ఈ పని తనదేనని ఆ చేతికి తెలుసు. ఫిడేళ్ళు ఆమె చూపు మీద లేచాయి. పెళ్ళి క్లారినెట్లు జన్మలో మొదటిసారి మెల్లగా ఊదాయి. ఎలీసమ్మ బృందం కళ్ళు ఇంతింత చేసుకుని పాడింది. జనం మొదట గుసగుసలాడి, తర్వాత ఊరుకుని, తుఫాను వచ్చేసరికి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పద్మకుమారి మొగుడి ఒళ్ళో తల పెట్టి పాట ఎత్తుకుంది. ఉప్పు కరిగిపోయిందా అని అడుగుతుంది, అంతే ఆ పాట. మొగుడు లేదని అబద్ధం చెబుతాడు. ఆమె నమ్మి కళ్ళు మూస్తుంది. చివరి స్వరం అణిగిపోయింది. ఇక ఎలీసమ్మ వాళ్ళు అందుకోవాలి. దేవమణి ఎడమచెయ్యి పైకి లేచింది.

"వన్స్‌మోర్!"

వెనకనుంచి ఒక గొంతు. ఆ తర్వాత ఈల. ఆ తర్వాత పందిరంతా.

గణపతిరావు వేళ్ళు వాటంతట అవే హార్మోనియం మెట్ల మీదికి పోయాయి. దేవమణి కళ్ళు చూసి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎలీసమ్మ వాళ్ళు ఊపిరి బిగబట్టి ఆమె చేతినే చూస్తున్నారు. ఒక్క ఫిడేలు కమాను కదల్లేదు. పద్మకుమారి కదల్లేదు.

దేవమణి ఓరగా ముందు వరస చూసింది. హాల్మన్ వేదికను చూడటం లేదు. ముందుకు వంగి ఆమె చేతిని చూస్తున్నాడు. ఆ చెయ్యి ఒక్కసారి కిందికి దించితే చాలు, పాట సాగిపోతుంది, ఆపెరా ఆమెది. ఆమెకది తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఓలమ్మా పద్మా, లెగే తల్లీ! ఓపాలి!" ఎవరో ముసలామె ఏడుస్తూ అరుస్తోంది.

పద్మకుమారి మూసిన కళ్ళ కొసల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. అయినా లేవలేదు. ఒట్టు వేసింది మరి. ఆ నీళ్ళు చూసేసరికి దేవమణికి ఒళ్ళు మండింది, ముందు హాల్మన్ మీద, వెంటనే తన మీద. మెడ దాకా వచ్చిన దండను తోసెయ్యమని ఆ మనిషికి నేను చెప్పానా, నా ఉద్యోగం కోసం? ఆమెకు సిగ్గేసింది.

చెయ్యి దించింది గాని, పాట సాగించడానికి కాదు.

"మావా, పాట మొదట్నుంచీ."

గణపతిరావు నమ్మలేదు. "దొర సూస్తన్నాడే..."

"చూడనీ. వాయించు." తర్వాత వేదిక మీదికి వంగింది. "అప్పా, లెగు."

పద్మకుమారి ఒక కన్ను తెరిచింది. "ఒట్టేసినాను గదా."

"వేయించుకున్నదాన్ని నేనే, తీసేస్తన్నాను. వన్స్‌మోర్. నేను అడుగుతన్నాను."

ఆమె లేచి కూర్చుంది. పందిరి లేచిపోయేలా ఒక కేక పుట్టి, హార్మోనియం పలకగానే ఠక్కున ఆగిపోయింది. ఈసారి దేవమణి ఆమెను నడిపించలేదు. ఆమె ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ చెయ్యి నిలిపింది, ఎక్కడ కదిలితే అక్కడ ఫిడేళ్ళను కదిపింది. ఉప్పు కరిగిపోయిందా అన్న మాట దగ్గర పద్మకుమారి ఇదివరకెన్నడూ ఆగనంతసేపు ఆగింది. దేవమణి అంతసేపూ అందరి ఊపిరినీ ఆ పుల్ల కొస మీద పట్టుకుని నిలబడింది. ఎన్ని దేశాలు తిరిగినా ఇంత సంతోషం ఆమె ఎరగదు. పద్మకుమారి రెండోసారి కళ్ళు మూసింది. ఎవరూ అరవలేదు. అరవాలని ఎవరికీ తోచలేదు. దేవమణి చాలాసేపు ఆగి, అప్పుడు చెయ్యి దించింది. ఎలీసమ్మ వాళ్ళు అందుకున్నారు.

తెర పడ్డాక హాల్మన్ వచ్చాడు. ఆయన మొహం చూసి ఏమీ పోల్చుకోలేం, జర్మనీలోనూ పోల్చుకోలేకపోయేవారు.

"ఇంతమంది అరుస్తుంటే ఒక్క మనిషి మీ చెయ్యి దాటి కదల్లేదు. నా థియేటర్లో కూడా నేను అది చూడలేదు. అంతా మీ చేతిలో ఉంది. ఎందుకు వదిలేశారు?"

"వదల్లేదు, ఇచ్చాను. చేతిలో ఉంది కాబట్టే ఇవ్వగలిగాను."

"నా థియేటర్లో ఇలా జరిగితే?"

"పాడినవాళ్ళ మొహం చూస్తాను. ఇవ్వాలనిపిస్తే అక్కడా ఇస్తాను. మీకిష్టం లేకపోతే పియానో దగ్గరే ఉంచండి. నాకేం భయం లేదు" అంది దేవమణి. భయం లేదనేది అబద్ధం.

హాల్మన్ చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మొదటిసారి పాటను మీరు నాకోసం నడిపారు. చాలా బాగుంది. అది వినే మీకివ్వాలని నిర్ణయించేసుకున్నాను. రెండోసారి విన్నాక, ఇరవై ఏళ్ళుగా నా థియేటర్లో ఏం వినకుండా పోగొట్టుకున్నానో తెలిసింది. మొదటి ఆపెరా మీది. చప్పట్ల సంగతి అక్కడ పోట్లాడుకుందాం." ఆయన చెయ్యి చాపాడు. దేవమణి ఆ చేతిని గట్టిగానే ఊపింది.

తెర వెనక పద్మకుమారి కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటోంది. నీలవేణి చీర ఇంకా ఒంటిమీదే ఉంది.

"దొర ఏటన్నాడు?"

"ఇచ్చాడప్పా."

"ఇవ్వక ఏటి సేస్తాడు" అంది పద్మకుమారి, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

ఆ మాట వినగానే, లండన్‌లో ఏడవనిది, జర్మనీలో మగవాళ్ళందరూ పక్కకు నెట్టినా ఏడవనిది, దేవమణి ఆమె ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పద్మకుమారి నూనె చేతులతోనే ఆమె వీపు నిమిరింది. ఎంతసేపటికీ ఏడుపు ఆగకపోతే మెల్లగా ఆమె తలను ఒళ్ళోంచి పైకి లేపింది.

"ఏడు తల్లీ, ఏడు గాని సీర తడిపీకు. రేపు గజపతినగరంలో ఇదే కట్టుకోవాల."