డ్రిల్లు మాస్టారి గొంతు

“నీ ఉతుకుడికి చొక్కాలన్నీ కుంచించుకుపోతున్నాయి. మెడ దగ్గర ఊపిరాడటం లేదు. పై గుండీ ఇంకొంచెం జరిపి కుట్టు” అన్నాడు భర్త, చొక్కా ఆమె ఒళ్ళోకి విసిరేసి.

నాలుగు నెలల్లో ఇది మూడోసారి. అతను బడిలో డ్రిల్లు మాస్టారు. తెల్ల చొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టుకోకుండా మైదానంలో అడుగుపెట్టడు. ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు తనిఖీ చేస్తుంది. రోజుకి వెయ్యి కాలర్ల చుట్టూ వేళ్ళు పోనిచ్చి, లోపల ఎక్కడ మడత పడిందో, ఎక్కడ బుడిపె లేచిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పదహారేళ్ళ పని. అంతటి మనిషీ తనకి చొక్కా ఉతకడం రాదని ఇంట్లో అనిపించుకోవడానికి అలవాటు పడిపోయింది. ఆ రోజు మాత్రం ఎందుకో పౌరుషం పొడుచుకొచ్చింది. టేపు తెచ్చి కాలరు కొలిచింది. పదిహేనున్నర అంగుళాలు. కొన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. వెంట్రుకవాసి తగ్గలేదు.

గెలిచానన్న సంబరం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. చొక్కా తగ్గలేదంటే మెడే పెరిగి ఉండాలి. “ఒకసారి ఇలా కూర్చోండి” అంది. అతను విసుక్కుంటున్నా వినకుండా, కాలరు చుట్టూ పోనిచ్చినట్టే మెడ చుట్టూ వేళ్ళు పోనిచ్చింది. కుడివైపు, గొంతు కింద, గోలీకాయంత గట్టిగా తగిలింది. గుటక వేయమంది. అతను గుటక వేస్తే అదీ పైకి లేచి కిందికి దిగింది. ఆమె చటుక్కున చేయి తీసేసుకుంది.

“ఏమిటి?”

“ఏమో. డాక్టరుకి చూపిద్దాం.”

“ఉతకడం చేతకాక నాకు రోగం అంటగడుతున్నావా?” అని అతను నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అతని గొంతు గురించి ఇక్కడ చెప్పాలి. మూడు వందల మంది పిల్లల్ని ఒక్క కేకతో వరసలో నిలబెట్టే గొంతు అది. ఇంట్లోనూ అదే గొంతు, అదే స్థాయి. తువ్వాలేది, కళ్ళజోడేది, ఆ ఫ్యాను ఆపు, మంచినీళ్ళు. పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. “ఇదిగో!” అంటే ఆమే. ఇరవై రెండేళ్ళుగా ఆ పిలుపుకి ఆమె కాళ్ళు ఆమెని అడక్కుండానే లేచి నిలబడుతున్నాయి. అతను ఊరెళ్ళినా గొంతు మాత్రం ఇల్లు విడిచి వెళ్ళదు. ఎవరూ లేని ఇంట్లో స్నానం చేస్తూ, నీళ్ళు కట్టేసి, “ఆఁ, వస్తున్నా” అని అరిచిన రోజులున్నాయి. ఫ్యాక్టరీలో అన్ని మిషన్ల రొదలోనూ వినిపిస్తుంది. ఉలిక్కిపడి వెనక్కి చూస్తే ఎవరూ ఉండరు. “మీ ఆయన చెవిలో కాపురం పెట్టాడా ఏంటమ్మా?” అని పక్క బల్ల ఆవిడ ఆటపట్టిస్తే ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత అదే మాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

స్కానింగు అయింది. సూది గుచ్చి పరీక్ష చేశారు. ఏదీ తేలలేదు.

“క్యాన్సరని చెప్పలేను, కాదనీ చెప్పలేను” అంది సర్జనమ్మ. “థైరాయిడ్ గ్రంథిలో కుడి సగం తీసి పరీక్షకి పంపితేనే తెలుస్తుంది. గొంతు నరం దాని వెనకే ఉంటుంది. జాగ్రత్తగానే చేస్తాం. అయినా నూటికి ఒకరిద్దరికి గొంతు పోవచ్చు. అది తెలిసే ఒప్పుకుంటున్నామని ఇద్దరూ సంతకాలు పెట్టండి.”

అతని సంతకం గీత దాటింది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నలుగురి ముందు ఎన్నడూ పట్టుకున్న మనిషి కాదు. “నా గొంతు పోతే ఎలాగే?” అన్నాడు. “ఏం కాదండీ” అంది, కలం అందుకుంది. పేరులో మొదటి అక్షరం రాసి రెండోది మొదలుపెట్టేలోగా, ఎవరూ పిలవకుండానే ఒక కోరిక మనసులోకి నడిచి వచ్చింది. మనిషి దక్కాలి. గొంతు పోతే పోనీ. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉంటుంది! ఒక్క అక్షరం రాసేంత సేపు, ఆ నిశ్శబ్దంలో ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుంది. మిగతా అక్షరాలు ఎలా రాసిందో ఆమెకే తెలియదు.

ఆపరేషన్ అయ్యాక అతను నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

“నరం తెగలేదు, కమిలింది. రెండు మూడు నెలల్లో గొంతు రావచ్చు, కంగారు పడకండి. పది రోజుల్లో రిపోర్టు వస్తుంది” అంది సర్జనమ్మ. ఆమెకి మాత్రం ఆ మాటలేవీ ఎక్కలేదు. కోరినది కోరినట్టు జరిగింది. ఇక మిగతాది కూడా జరుగుతుందేమో. అడిగింది గొంతే అయినా, తీసుకెళ్ళేది మనిషిని అవుతుందేమో. గంజి వార్చి చల్లారబెడుతున్నా, కట్టు చుట్టూ చెమట అద్దుతున్నా అదే ఆలోచన. ఇల్లు నిశ్శబ్దమైంది కాని ఆమె చెవి కాలేదు. అతను పలకని గొంతు అక్కడ ఇంకా పెద్దదైంది. ఇప్పుడది “ఇదిగో” అనడం మానేసి “నువ్వే కోరుకున్నావు” అంటోంది. పట్టపగలు వంటింట్లో, చేతిలో గరిటె ఉండగా అంటోంది. ఆమె గబగబా గదిలోకి వచ్చి అతని ఛాతీ లేచి దిగుతోందో లేదో చూసి వెళ్ళేది.

ఫోన్లు వచ్చేవి. అతను ఆమె చెవిలో గుసగుసలాడితే ఆమె ఆ మాటలు పైకి చెప్పాలి. హెడ్మాస్టరుకి, బంధువులకి, అందరికీ. ఎక్కువగా అతని అక్కకి. ఏం చెప్పినా ఒక్క ముక్క వదలకుండా చెప్పేది. “గంజిలో ఉప్పు లేదంటున్నారు వదినా. నాకు ఏ పనీ శ్రద్ధగా చేయడం రాదంటున్నారు.” తన మీద చాడీలు తన నోటితోనే చెప్పుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది! చేసిన పాపానికి అదే శిక్ష అనుకుని, అదీ తక్కువే అనుకుని చెప్పేది. ఈలోగా ఫ్యాక్టరీ సూపర్వైజరు కబురు పెట్టాడు. సోమవారం రాకపోతే ఆ బల్ల దగ్గర ఇంకొకర్ని కూర్చోబెడతాడట.

శుక్రవారం రిపోర్టు వచ్చింది. క్యాన్సరు కాదు. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. భర్త అంటే ఎంత ప్రేమో అనుకున్నారు చూసినవాళ్ళు. నిజమే, ప్రేమా ఉంది.

ఇంటికి రాగానే అక్క ఫోను. ఆమె స్పీకరు పెట్టి మంచం మీద ఉంచింది.

“బతికించావురా తమ్ముడూ! ఇకనైనా దాన్ని ఇంటిపట్టున ఉండి నిన్ను చూసుకోమను. వెయ్యి కాలర్లు తడుముతుందిట, ఇంట్లో ఉన్న ఒక్క మెడ సంగతి పట్టించుకోలేకపోయింది.”

ఆమె భర్త ముఖంలోకి చూసింది. ఆ గడ్డని మొదట పట్టుకున్న వేళ్ళు ఎవరివో అతనికి తెలుసు. అతను ఆమెని దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో ఊదినట్టు అన్నాడు. “పని మానేస్తుందని చెప్పు.”

ఫోను ఎదురుచూస్తోంది. ఆమె గొంతు సవరించుకుంది.

“వదినా, గడ్డని కనిపెట్టింది నేనే. సోమవారం నుంచి పనిలోకి వెళ్తున్నాను.”

“వాడలా అన్నాడా?”

“లేదు. మానేస్తుందని చెప్పమన్నారు. ఇది నా మాట.”

ఫోను పెట్టేసి మంచం అంచున కూర్చుంది. అతను కోపంతో నోరు తెరిచాడు, గాలి మాత్రమే వచ్చింది. ఆమె అతని మెడ మీద కట్టు జారకుండా సర్దింది. చాలా మెల్లగా, అతనికి ఒక్కడికే వినపడేలా చెప్పింది.

“మీ గొంతు వస్తుంది. రావాలనే ఉంది నాకు. కాని ఆ రోజు సంతకం పెడుతూ, అది పోతే బాగుండునని కోరుకున్నాను. మళ్ళీ అలా కోరుకునే మనిషిగా ఈ ఇంట్లో నేను బతకలేను.”